ఐన్‌స్టైన్ పేరు పెట్టుకున్న అరగంట

తెర ముందు పసితనం: నాలుగో భాగం

గత భాగం సెసమీ స్ట్రీట్ దగ్గర ఆగింది. 1969లో అమెరికాలో మొదలైన ఆ కార్యక్రమం మూడు నుంచి అయిదేళ్ల పిల్లల కోసం, అందులోనూ బడిలో చేరేలోపు అక్షరం ముఖం చూసే అవకాశం లేని పేదింటి పిల్లల కోసం పుట్టింది. తయారైన దృశ్యాలను నిర్మాతలు ముందు పిల్లలకు చూపించి, వాళ్లు ఎక్కడ చూపు పక్కకు తిప్పుకుంటున్నారో లెక్క రాసుకుని, నిలవని వాటిని మార్చేవారు. ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో వయసు గీత కిందికి జరుగుతూ పోయింది. 2000 నాటికి మెడ నిలిచీ నిలవని బిడ్డను కూడా టీవీ ముందు కూర్చోబెట్టి దాన్ని చదువు అనుకోవడం అమెరికా మధ్యతరగతి ఇళ్లలో మామూలైపోయింది. ముందు పరీక్షించి ఆ తర్వాత చూపించే పద్ధతి మాత్రం ఆ గీత వెంట కిందికి రాలేదు. ఈ మార్పుకు నిలువుటద్దం బేబీ ఐన్‌స్టైన్ అనే శిశు వీడియోల వరుస. ఇంటి బేస్‌మెంట్‌లో మొదలై అయిదేళ్లకు వాల్ట్ డిస్నీ కంపెనీ చేతికి వెళ్లిన ఈ పేరు గురించి రెండు రకాల కథలు చెబుతుంటారు. ఒకటి, ఓ తల్లి చొరవ సాధించిన విజయగాథ. మరొకటి, కన్నవాళ్ల ఆశను సొమ్ము చేసుకున్న వ్యాపారం. ఈ రెండూ అసలు సంగతిని పక్కన పెడుతున్నాయని నా అభిప్రాయం. ఆ వీడియోలు బిడ్డలకు ఏం నేర్పాయన్నది ఈనాటికీ తేలలేదు. తల్లులకు ఏం ఇచ్చాయన్నది మాత్రం తేటతెల్లం. ఒక అరగంట తీరిక ఇచ్చాయి, ఆ తీరిక తీసుకున్నందుకు మనసు పీకకుండా ఒక పెద్ద పేరును అడ్డం పెట్టాయి. ఆ అరగంటను ఆ దేశం మరే దారిలోనూ ఇవ్వలేదు కాబట్టే ఈ సంస్థ అంత వేగంగా పెరిగింది.

జూలీ ఐగ్నర్ క్లార్క్ అంతకుముందు ఉపాధ్యాయిని. కూతురు పుట్టాక ఉద్యోగం మానేసి జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా శివారు పట్టణమైన ఆల్ఫరెట్టాలో ఉంటున్నారు. కళలు, సంగీతం, కవిత్వం చంటిపిల్లకు పరిచయం చేద్దామంటే ఆ వయసుకు తగిన వస్తువు బజారులో ఏదీ దొరకలేదన్నది ఆమె చెప్పిన మాట. 1996లో భర్త విలియం క్లార్క్‌తో కలిసి, దాచుకున్న సొమ్ములోంచి సుమారు 18,000 డాలర్లు తీసి, అరువు తెచ్చిన కెమెరాతో ఇంటి బేస్‌మెంట్‌లోనే మొదటి వీడియో తీశారు. కథ లేదు, పాత్రలు లేవు. ఖాళీ నేపథ్యం మీద ఒక్కొక్క ఆటబొమ్మ వస్తుంది, కదులుతుంది, పోతుంది. వెనక ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్, రష్యన్, జపనీస్, హీబ్రూ భాషల్లో తల్లుల గొంతులు పాటలో, అంకెలో చెబుతుంటాయి. మొత్తం కలిపి దాదాపు అరగంట. ఒక స్నానం, ఒక పూట వంట, లేదా కాసేపు కళ్లు మూసుకోవడం ఆ నిడివిలో పడుతుంది. కొలిచి పెట్టారని నేననను, కానీ అమ్మకాల చరిత్రలో ఆ నిడివికి కూడా వాటా ఉంది.

ఏడు భాషలు ఎందుకు? ఇక్కడ నిజమైన విజ్ఞానశాస్త్రం ఒకటి ఉంది, అది మన చెవికి చాలా దగ్గరిది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన పిల్లలకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించారు. తాత, టాటా అనే మాటల మధ్య తేడా మనకు పుట్టుకతో వచ్చినంత సహజం. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన పెద్దల చెవికి ఆ రెండు ధ్వనులూ దాదాపు ఒకటే. ఆరు నుంచి ఎనిమిది నెలల ఇంగ్లిష్ బిడ్డలు మాత్రం ఆ తేడాను చక్కగా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందిలో ఆ శక్తి సన్నగిల్లిపోయింది. అంటే, ఏ భాషకైనా సిద్ధంగా పుట్టిన చెవి ఏడాది తిరిగేలోపు ఇంటి భాషకు అలవాటుపడి, మిగతావాటికి మొద్దుబారుతుంది. ఇది అద్భుతమైన ఫలితం. బేబీ ఐన్‌స్టైన్ తొలి వీడియో దీన్నే ఆసరా చేసుకుంది: చెవి తెరిచి ఉన్నప్పుడే పరాయి భాషలు వినిపిస్తే ఆ తలుపు మూసుకోదు కదా అన్న ఆలోచన. వినడానికి సబబుగానే ఉంది. అయితే వెర్కర్ ప్రయోగం చెప్పింది బిడ్డ దేన్ని గుర్తుపట్టగలదన్న సంగతి. టీవీలోంచి వచ్చిన గొంతు ఆ శక్తిని నిలబెడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు 1996లో ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు రాకముందే వస్తువు బజారుకెక్కింది.

సంగీతం విషయంలో ఈ దూకుడు ఇంకా ఎక్కువ. 1993 అక్టోబరులో నేచర్ పత్రికలో ఫ్రాన్సెస్ రాషర్, గోర్డన్ షా, కేథరిన్ కై ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. 36 మంది కాలేజీ విద్యార్థులు మొజార్ట్ రెండు పియానోల కోసం రాసిన డి మేజర్ సొనాటాను పది నిమిషాలు విన్న తర్వాత, ఆకారాలను మనసులో మడిచి తిప్పి చూసే పరీక్షల్లో కాస్త మెరుగ్గా రాణించారు. ఆ ఫలితం పావుగంటకు మించి నిలవలేదు. అందులో ఒక్క చంటిబిడ్డ కూడా లేడు. అయినా నాలుగైదేళ్లలో ఆ పది నిమిషాలు మొజార్ట్ ప్రభావం అన్న పేరుతో ఊరూరా తిరిగి, పొత్తిళ్లలోని బిడ్డకు మొజార్ట్ వినిపిస్తే తెలివి పెరుగుతుందన్న నమ్మకంగా స్థిరపడ్డాయి. 1998 జనవరిలో జార్జియా గవర్నర్ జెల్ మిల్లర్, రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం క్యాసెట్టో సీడీయో ఇవ్వడానికి 1,05,000 డాలర్లు కేటాయించమని శాసనసభను అడిగారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే శిశు సంరక్షణ కేంద్రాల్లో రోజూ శాస్త్రీయ సంగీతం వినిపించాలని ఫ్లోరిడా అదే ఏడాది చట్టం చేసింది. బేబీ మొజార్ట్ వీడియో వెలువడింది కూడా 1998లోనే. వెనకే బేబీ బాక్, బేబీ షేక్‌స్పియర్, బేబీ వాన్‌గో వచ్చాయి. నేచర్ పత్రికే 1999లో మొజార్ట్ ఫలితాన్ని ప్రశ్నించే విశ్లేషణలను ప్రచురించింది. కానీ ఒక గవర్నరు బడ్జెట్‌లో పెట్టిన నమ్మకాన్ని ఒక పత్రికలోని గణాంకం కదిలించడం కష్టం.

ఈ నమ్మకం అంత గట్టిగా ఎందుకు నాటుకుంది? ఆనాటి అమెరికాను పక్కన పెట్టి బేబీ ఐన్‌స్టైన్‌ను చూడటం చాలామంది చేసే పొరపాటు. 1997 ఏప్రిల్‌లో శ్వేతసౌధంలో పసిపిల్లల మెదడు ఎదుగుదల మీద ఒక పెద్ద సమావేశం జరిగింది. మొదటి మూడేళ్లే సర్వస్వమని పత్రికలు, సినీ ప్రముఖులు, స్వచ్ఛంద సంస్థలు ఒక్క గొంతుతో ప్రచారం చేశారు. ఆ మూడేళ్లు దాటితే తలుపు మూసుకుంటుందన్న భయం ఇంటింటికీ చేరింది. శాస్త్రం ఇంత గట్టిగా చెప్పలేదని జాన్ బ్రూయర్ 1999లో ఒక పుస్తకమే రాశారు. సరే, ఆ మూడేళ్లు అంత ముఖ్యమైతే వాటిని గడపడానికి తల్లికి దేశం ఏమిచ్చింది? 1993 నాటి చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది, అదీ జీతం లేకుండా, అదీ కనీసం 50 మంది పనిచేసే సంస్థల్లో. అప్పుడూ ఇప్పుడూ జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇచ్చే, దేశమంతటికీ వర్తించే చట్టం అక్కడ లేదు. శివారు ఇళ్లలో అమ్మమ్మ ఎక్కడో వెయ్యి మైళ్ల దూరంలో ఉంటుంది. పక్కింటి తలుపు మూసి ఉంటుంది. శిశు సంరక్షణ కేంద్రం ఖర్చు భరించలేనిది. బిడ్డ భవిష్యత్తు మొత్తం నీ చేతిలోనే ఉందని తల్లికి చెప్పి, ఆ చేతులకు ఒక్క నిమిషం ఆసరా ఇవ్వని సమాజంలో, అరగంట ఆసరాను తెచ్చి దానికి చదువు అని పేరు పెట్టిన వస్తువు అమ్ముడుపోకపోతేనే ఆశ్చర్యం.

అమ్మకాలు ఎంత వేగంగా పెరిగాయో చూడండి. క్లార్క్ ఆ క్యాసెట్టును న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనకు తీసుకెళ్లి ది రైట్ స్టార్ట్ అనే దుకాణాల సంస్థకు చూపించారు. వాళ్లు కొన్ని దుకాణాల్లో పెట్టి చూశారు, అయిపోయాయి. మొదటి ఏడాది అమ్మకాలు సుమారు లక్ష డాలర్లు, రెండో ఏడాది పది లక్షలు, అయిదో ఏడాదికి రెండు కోట్ల పైమాట. ఇందులో పెద్ద ప్రచార ఖర్చు లేదు. ఒక తల్లి మరో తల్లికి చెప్పింది, పురిటి కానుకగా ఇచ్చింది. పుట్టబోయే బిడ్డకు ఇచ్చే కానుకలో ఆశ ఎంతో ఉంటుంది, పరిశీలన ఏముంటుంది? 2001 నవంబరులో డిస్నీ కొనేసింది. ఆ తర్వాత వీడియోలకు పుస్తకాలు, బొమ్మలు, ఊయల సామగ్రి తోడయ్యాయి. 2003 నాటి ఒక అధ్యయనం ప్రకారం ఆరు నెలల నుంచి రెండేళ్ల వయసున్న అమెరికా పిల్లల్లో ముగ్గురిలో ఒకరి ఇంట్లో కనీసం ఒక బేబీ ఐన్‌స్టైన్ వీడియో ఉంది. 2007 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ వార్షిక ప్రసంగంలో, అతిథుల వరుసలో కూర్చున్న క్లార్క్‌ను దేశానికి పరిచయం చేస్తూ, ఆ సంస్థ 20 కోట్ల డాలర్ల వ్యాపారంగా ఎదిగిందని చెప్పారు. ఇదంతా జరుగుతున్నప్పుడు, రెండేళ్ల లోపు పిల్లలకు టీవీ వద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీ 1999 నుంచి చెబుతూనే ఉంది. మూడిళ్లలో ఒకటి ఆ మాటను కాదని వీడియో కొన్నదంటే, వైద్యుడు వద్దన్నదానికి బదులుగా ఏమీ చూపలేకపోవడం ఒక కారణం.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. బిడ్డను మేధావిని చేస్తామని మేం ఎన్నడూ చెప్పలేదు, తల్లీబిడ్డా కలిసి చూసి ఆనందించడానికే తీశాం అని సంస్థ పలుమార్లు చెప్పింది. క్లార్క్ ఉద్దేశాన్ని శంకించాల్సిన అవసరం నాకు కనిపించదు. తన కూతురికి చూపించడానికి తీసిన మనిషి ఆమె. కానీ వాగ్దానం ఎక్కడ ఉందో చూడాలి. అది డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో లేదు, డబ్బా ముందు పేరులో ఉంది. ఐన్‌స్టైన్, మొజార్ట్, షేక్‌స్పియర్ అన్న మాటల ముందు బేబీ అని చేరిస్తే, ఆ వాక్యాన్ని పూర్తి చేసుకునేది కొనేవాళ్లే. పేరుకు విలువ లేదంటే, ఐన్‌స్టైన్ హక్కులున్న జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి ఆ పేరు వాడుకోవడానికి డిస్నీ 2005లో 26 లక్షల 60 వేల డాలర్లు ఎందుకు చెల్లించింది? తాను ఆలస్యంగా మాటలు నేర్చానని, కన్నవాళ్లు కంగారుపడి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారని ఐన్‌స్టైనే చెప్పుకున్నారు. ఆయన పేరును మాటలు రాని వయసు బిడ్డల మీద ఆత్రానికి చిహ్నంగా నిలబెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. బాల్యంలో వాణిజ్య ప్రచారాన్ని వ్యతిరేకించే ఒక సంస్థ 2006 మేలో ఈ ప్రకటనల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2007 డిసెంబరులో కమిషన్ చర్య తీసుకోకుండానే దస్త్రం మూసింది. కంపెనీ కొన్ని ప్రకటనలను అప్పటికే మార్చుకుంది. పేరు మాత్రం మారలేదు.

వెర్కర్ ప్రయోగం వదిలిపెట్టిన ప్రశ్నకు జవాబు 2003లో వచ్చింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా కూల్, సహచరులు తొమ్మిది నెలల అమెరికా బిడ్డలకు చైనా భాష మాండరిన్ వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ 12 విడతలు మాట్లాడారు. మరికొందరికి అదే మనుషులు, అదే మాటలు తెర మీద చూపించారు. ఎదురుగా విన్న బిడ్డలు మాండరిన్ ధ్వనుల తేడాను పట్టుకున్నారు. తెర మీద చూసినవాళ్లు అసలు వినని పిల్లలకన్నా ఏ మాత్రం మెరుగ్గా లేరు. ఏడు భాషల తొలి వీడియో ఆలోచనకు ఇంతకన్నా సూటి పరీక్ష ఉండదు. మాటల విషయంలోనూ అంతే. వర్జీనియాలో జూడీ డిలోష్ బృందం ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లల ఇళ్లకు బాగా అమ్ముడుపోతున్న ఒక శిశు వీడియో ఇచ్చి, నాలుగు వారాలు చూపించమంది. 2010లో వచ్చిన ఫలితం: వీడియో చూసిన పిల్లలు చూడని పిల్లల కన్నా ఎక్కువ మాటలు నేర్చుకోలేదు. అందరికన్నా ఎక్కువ నేర్చుకున్నది, వీడియో లేకుండా కన్నవాళ్లు రోజువారీ పనుల్లో ఆ మాటలు చెబుతూ వచ్చిన పిల్లలు. నన్ను ఎక్కువగా ఆపింది మరో వివరం. వీడియోను బాగా ఇష్టపడిన తల్లిదండ్రులే తమ బిడ్డ ఎక్కువ నేర్చుకుందని నమ్మారు. నమ్మకానికీ నేర్చుకున్నదానికీ పొంతన లేదు, నమ్మకానికీ ఇష్టానికీ ఉంది. మరి వీడియోను ఆ కన్నవాళ్లు ఎందుకు ఇష్టపడ్డారన్నది మళ్లీ ఆ అరగంట దగ్గరికే తెస్తుంది.

సాయం చేయకపోతే హాని చేసిందా? ఈ భాగంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చెప్పాల్సింది ఇదే, ఎందుకంటే బేబీ ఐన్‌స్టైన్‌ను తప్పుపట్టే వ్యాసాలు చాలా వరకు ఇక్కడే తొందరపడతాయి. 2007 ఆగస్టులో ఫ్రెడరిక్ జిమ్మర్‌మన్, డిమిట్రి క్రిస్టాకిస్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ వెయ్యికి పైగా తల్లిదండ్రులతో ఫోన్లో జరిపిన సర్వే ఫలితాలు ప్రచురించారు. 8 నుంచి 16 నెలల వయసులో, శిశు వీడియోలు రోజుకు గంట చొప్పున ఎక్కువ చూసేకొద్దీ పిల్లలకు తెలిసిన మాటలు ఆరు నుంచి ఎనిమిది దాకా తగ్గుతున్నాయని తేల్చారు. 17 నెలలు దాటిన పిల్లల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. పత్రికలు ఈ రెండో సగాన్ని వదిలేసి, ఐన్‌స్టైన్ వీడియోలు పిల్లలను మొద్దుబారుస్తాయని రాశాయి. డిస్నీ అధిపతి రాబర్ట్ ఐగర్ ఆ పరిశోధకులు పనిచేసే వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి ఘాటుగా లేఖ రాసి, ఈ ఫలితాల మీద ఇచ్చిన పత్రికా ప్రకటన వెనక్కి తీసుకోమన్నారు, విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు. క్లార్క్ దంపతులు పరిశోధన వివరాలు ఇవ్వాలంటూ 2010లో కోర్టుకెక్కారు. విశ్వవిద్యాలయం వివరాలిచ్చి, ఖర్చుల కింద 1,75,000 డాలర్లు చెల్లించి రాజీపడింది. క్రిస్టఫర్ ఫెర్గ్యుసన్, బ్రెంట్ డొనెలన్ అదే సమాచారాన్ని తిరిగి లెక్కవేసి, విశ్లేషించే పద్ధతి మారితే ఆ నష్టం కనిపించకుండా పోతుందని 2014లో చూపించారు. కాబట్టి హాని రుజువైందని చెప్పడం సరికాదు, ఆ మేరకు క్లార్క్ దంపతుల ఫిర్యాదు న్యాయమైనదే. అలాగని దీన్ని వీడియోల గెలుపుగా చూపించడం కూడా కుదరదు. హాని తేలలేదు, మేలూ తేలలేదు. అమ్ముడుపోయింది మేలు అన్న పేరు మీద.

నా వాదనకు నిజంగా ఎదురు నిలిచే సాక్ష్యం మరొకటుంది. అదే జిమ్మర్‌మన్ బృందం, రెండేళ్ల లోపు పిల్లలకు టీవీ ఎందుకు చూపిస్తున్నారని తల్లిదండ్రులను అడిగితే, 29 శాతం మంది చదువు కోసమన్నారు, పనులు చేసుకోవడానికన్నది 21 శాతమే. తీరిక కన్నా చదువే పెద్ద కారణం కదా అని ఎవరైనా నన్ను నిలదీయవచ్చు. కానీ ఫోన్లో ముక్కూమొహం తెలియని మనిషి అడిగిన ప్రశ్నకు, నాకు ఊపిరి తీసుకోవడానికి అని చెప్పడం ఏ తల్లికైనా అంత తేలిక కాదు. చదువు అన్నది నలుగురిలో చెప్పుకోగల కారణం. కైసర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2006లో తల్లిదండ్రులను బృందాలుగా కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడించినప్పుడు వచ్చిన మాటలు వేరు: వంట, ఇంటిపని, తనకంటూ కాసేపు నిశ్శబ్దం. పైగా ఈ రెండు కారణాలు వేరువేరు పెట్టెల్లో ఉండవు. చదువన్న నమ్మకం ఉన్నందుకే తీరిక తీసుకోగలిగారు, తీరిక కావాల్సి వచ్చినందుకే ఆ నమ్మకాన్ని పట్టుకున్నారు. అందుకే కొన్నవాళ్లను అమాయకులనో, సోమరులనో అనేవారితో నేను ఏకీభవించను. అలా అనేవాళ్లు ఆ అరగంట బిడ్డను ఎత్తుకోవడానికి వస్తారా?

మన వైపు చూస్తే, ఉమ్మడి కుటుంబంలో ఇలాంటి వస్తువు అక్కర్లేదని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త చేతుల్లో బిడ్డ పెరగడం అంటే ఆ అరగంటను మరో ఆడమనిషి ఉచితంగా ఇవ్వడమే. ఆ చేతులు దూరమైన రోజున, హైదరాబాదులోనైనా డాలస్‌లోనైనా, తెర ఆ చోటులోకి వస్తుంది. అయితే తెరలన్నీ ఒకటి కావని కూడా పరిశోధన చెప్పింది. 2014లో సారా రోజ్‌బెర్రీ, కేథీ హర్ష్-పాసెక్, రోబెర్టా గోలింకాఫ్ రెండేళ్లు దాటిన పిల్లలతో చేసిన ప్రయోగంలో, వీడియో కాల్‌లో అవతలి మనిషి బిడ్డ చూపుకూ, మాటకూ బదులిస్తూ చెప్పిన కొత్త పదాలు వాళ్లకు వచ్చాయి. ముందే తీసి పెట్టిన వీడియోలో అవే మాటలు రాలేదు. శిశువైద్యుల అకాడమీ 2016లో తన సలహా సవరించి, ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియో కాల్‌ను మినహాయించింది. అమెరికాలోని మనవరాలితో విజయవాడ నుంచి అమ్మమ్మ ఆడే దాగుడుమూతలు ఆ మినహాయింపులోకి వస్తాయి. ఆమె బిడ్డ నవ్వితే నవ్వుతుంది, ఆగితే ఆగుతుంది. ఆటబొమ్మల వీడియో ఎవరి కోసమూ ఆగదు.

2009లో డిస్నీ తిరిగి డబ్బిస్తామని ప్రకటించింది. 2004 జూన్ నుంచి 2009 సెప్టెంబరు మధ్య కొన్న డీవీడీలకు, ఒక్కోదానికి 15.99 డాలర్లు, ఇంటికి నాలుగింటి దాకా. ఇది తప్పు ఒప్పుకోవడమేనని ఫిర్యాదుదారులు, మామూలు వినియోగదారు హామీయేనని కంపెనీ అన్నారు. అప్పటికే డీవీడీ కాలం ముగియవస్తోంది. 2013లో డిస్నీ ఈ పేరును కిడ్స్ టూ అనే బొమ్మల సంస్థకు అమ్మేసింది. ఆ సంస్థ ఉన్నది అట్లాంటాలో, మొదటి వీడియో తీసిన ఇల్లున్నది దాని శివారులో. అదే 2013లో చెన్నైలో చూచూ టీవీ అనే పేరుతో ఒక యూట్యూబ్ చానల్ మొదలైంది. దానికి అరగంట నిడివి అవసరం లేదు, డబ్బా మీద గొప్పవాళ్ల పేరూ అవసరం లేదు. ఒక పాట అయిపోగానే తర్వాతిది దానంతటదే వస్తుంది. వచ్చే భాగంలో ఆ చానల్ గురించి.